ఆయాసానికి ఇన్ని టెస్టులు ఎందుకు? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ. నాన్నగారికి 58 ఏళ్లు, చీమకుర్తిలో పదిహేనేళ్లుగా గ్రానైట్ కోత పని. ఆరు నెలల నుంచి మెట్లెక్కితే ఆయాసం, అప్పుడప్పుడు ఛాతీ బరువు. ఒంగోలులో డాక్టరు ఈసీజీ, 2డీ ఎకో, ఛాతీ ఎక్స్‌రే, పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదే పరీక్ష) రాశారు. ఇన్నెందుకు, ఒకేసారి ఫుల్ బాడీ స్కాన్ తీయిస్తే తేలిపోదా అని మీ సందేహం.

తేలదండీ. నేను డాక్టర్ని కాను. కానీ మా నాయన ఊపిరితిత్తుల కోసం, మా మేనమామ మెదడు కోసం, గుండె కోసం ఈ పరీక్షలన్నిటి చుట్టూ తిరిగిన మనిషిని. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. నార్మల్ అని వస్తే ఆ ప్రశ్న వరకే నార్మల్. ఈ ఒక్క సంగతి తెలియక మేం దాదాపు ఏడాది పోగొట్టుకున్నాం.

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చేశాడు, రాయి కోసే మిషను దగ్గర. మనం చిన్నప్పుడు అఆలు దిద్దిన పలకలుంటాయే, అవే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల మీద, చెవుల వెనక బూడిద రంగు పొడి పేరుకుని ఉండేది. అమ్మ తడి తువ్వాలుతో తుడిచేది. తువ్వాలు పిండితే సున్నం కలిపినట్టు నీళ్లు దిగేవి. ముక్కుకు అడ్డం కట్టుకునేది భుజం మీది కండువాయే. పని మానేసి ఒంగోలులో మా దగ్గరికి వచ్చిన ఆరేడేళ్లకు దగ్గు, ఆయాసం మొదలయ్యాయి.

మొదట చూపించిన చోట ఈసీజీ తీశారు. నార్మల్. గుండె బాగుందని గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపారు. మేమూ నిశ్చింతగా ఉన్నాం. తగ్గకపోతే ఇంకో చోటికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న మచ్చలు కనబడ్డాయి. టీబీ అన్నారు. కళ్లె పరీక్ష చేయకుండానే మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు వాడాడు. అన్నం సహించక బరువు తగ్గాడు గానీ ఆయాసం తగ్గలేదు.

మూడో డాక్టరు ఆ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకి పట్టి చూసి, మొట్టమొదట అడిగిన మాట: "పెద్దాయనా, ఏం పని చేసేవాడివి?" అంతకుముందు ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. పలకల ఫ్యాక్టరీ అనగానే ఆయన రాయడం ఆపేశారు. ఎన్నేళ్లు చేశావు, నీళ్లు పోస్తూ కోసేవాళ్లా, పొడి రాయినే కోసేవాళ్లా అని ఒక్కొక్కటీ అడిగారు. కళ్లెను సీబీనాట్‌కు పంపారు. అది టీబీ క్రిమిని నేరుగా పట్టే పరీక్ష, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను మరింత వివరంగా చూపే సీటీ స్కాన్), పీఎఫ్‌టీ కూడా రాశారు. టీబీ కనబడలేదు. మొదట్లో ఉండేదో లేదో ఇక చెప్పలేం అన్నారు. తేలింది సిలికోసిస్. రాతిపొడిలోని సిలికా ఏళ్ల తరబడి లోపల పేరుకుని ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. గట్టిపడ్డది మళ్లీ మెత్తబడదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి రెండూ చూసుకుంటూనే ఉండాలి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నాన్నగారు పదిహేనేళ్లు రాయి కోశారని డాక్టరుకి చెప్పారా? చెప్పకపోతే రేపే చెప్పండి. పీఎఫ్‌టీ రాశారంటే బహుశా ఆయనకి ఆ అనుమానం వచ్చే ఉంటుంది.

ఇక మీకు రాసిన పరీక్షలు. ఈసీజీ అంటే గుండెలో కరెంటు ఎలా నడుస్తోందో కాగితం మీద గీయడం. తీసేది పది సెకన్ల ముచ్చట. ఆ పది సెకన్లలో నొప్పి లేకపోతే గీతలు బాగానే ఉండొచ్చు. ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు ఒక్క ఈసీజీతో వదలకుండా మళ్లీ మళ్లీ తీసేదీ, ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసేదీ ఇందుకే.

2డీ ఎకో గర్భిణులకు చేసే స్కానింగు లాంటిదే. రేడియేషన్ ఉండదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీకి జెల్ రాసి చూస్తారు. కవాటాలు సరిగా మూసుకుంటున్నాయా, కండరం గట్టిగా నొక్కుతోందా అన్నది దీని పని. రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. ఎడమ గదిలో నిండిన రక్తంలో ప్రతి నొక్కుకూ ఎంత వంతు బయటికి పోతోందో అది. మా నాయనకి 60 వచ్చింది. నూటికి అరవయ్యే ఉందనుకుని అమ్మ ఆ కాగితం పట్టుకుని వరండాలో ఏడ్చింది. 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. ఇంకో సంగతి, ఎకో బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో అడ్డు లేదని కాదు. అనుమానం ఉంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీస్తారు, అదే టీఎంటీ. గట్టి అనుమానమైతే యాంజియోగ్రామ్. దానికి రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూస్తారు. షుగర్ మాత్రలు, ఏవైనా ఎలర్జీలు ఉంటే తప్పక చెప్పండి.

పీఎఫ్‌టీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది మనిషి సరిగా ఊదితేనే సరిగా వచ్చే పరీక్ష. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, గుండె నిండా గాలి పీల్చుకుని ఒక్క ఊపున ఊదమంటారు. ఆరు సెకన్లు ఆపకూడదు. టెక్నీషియన్ అమ్మాయి "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అంటుంటే మా నాయన రెండో సెకనుకే దగ్గుతో విడిచేశాడు. మూడుసార్లు అలాగే అయింది. రాతి దిమ్మెలు ఎత్తిన మనిషి, గొట్టం చేత్తో పట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల విసుక్కోలేదు. నీళ్లిచ్చి, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చేయించింది. తర్వాత ఇన్‌హేలర్ మందు ఇచ్చి, పావుగంట ఆగి ఇంకోసారి. మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తం గాలిలో ఎంత వంతో చూస్తారు. ఇన్‌హేలర్ మందు తర్వాత కూడా 70 శాతం కన్నా తక్కువ ఉంటే ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు ఇరుకైనట్టు. మొత్తం గాలే తగ్గితే ఊపిరితిత్తి గట్టిపడిందేమో చూడాలి. నాన్నగారు ఇన్‌హేలర్ వాడుతుంటే ఆ రోజు ఆపాలో వద్దో ముందే అడగండి. ఈ మధ్య కంటి ఆపరేషన్ గానీ, గుండెపోటు గానీ అయి ఉంటే చెప్పండి, ఊదడం వాయిదా వేస్తారు.

ఫుల్ బాడీ స్కాన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఛాతీ సీటీకి పడే రేడియేషన్ మామూలు ఎక్స్‌రే కంటే పదుల రెట్లు ఎక్కువ. అంత తీసినా ఊపిరి ఎంత పడుతుందో, గుండె లయ ఎలా ఉందో అందులో కనబడదు. ఎక్స్‌రేలో ఏదైనా ఉంటే అప్పుడు సీటీ.

మెదడు సంగతి మీరు అడగలేదు గానీ, నార్మల్ అన్న మాటకి మా మేనమామ ఉదంతం చెప్పకుండా ఉండలేను. మామ ఉండేది కావలిలో. కాఫీ తాగుతుంటే గ్లాసు జారింది, కాఫీ మూతి పక్క నుంచి కారింది, మాట ముద్దగా వచ్చింది. అత్త వెంటనే 108కి ఫోన్ చేసింది. నెల్లూరు చేరేసరికి రెండు గంటలు. ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు, షుగర్ బాగా పడిపోయినా ఇలాగే ఉంటుందట. తర్వాత సీటీ. అందులో ఏమీ లేదు. ఏమీ లేదంటున్నారుగా, ఇంటికి పోదాం అన్నాడు మా బావ. డాక్టరు ఆపారు. సీటీ తీసింది రక్తస్రావం లేదని తేల్చుకోడానికి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం దెబ్బ మొదటి గంటల్లో సీటీలో కనబడకపోవచ్చు. రక్తస్రావం లేదు కాబట్టే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలం, అదీ మొదలైన నాలుగున్నర గంటల లోపు అన్నారు. ఇచ్చారు. మర్నాడు ఎంఆర్‌ఐలో దెబ్బతిన్న చోటు తెల్లగా కనబడింది. మెదడుకి వచ్చిందానికి 24 గంటలూ ఈసీజీ రాసే హోల్టర్ మిషను ఎందుకు కట్టారని మళ్లీ అనుమానం మాకు. గుండె లయ తప్పితే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకి పోతుందట. మామూలు ఈసీజీలో దొరకని ఆ లయ తప్పడం హోల్టర్‌లో దొరికింది. ఇప్పుడు మామ కర్ర లేకుండా నడుస్తున్నాడు.

చిన్న చిన్నవి కొన్ని. ఎంఆర్‌ఐకి లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. మా అమ్మ తలనొప్పికి తీయించినప్పుడు మంగళసూత్రం తీయనని బెంగపడితే, పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి వేశాం. ఫిట్స్ కోసం ఈఈజీ (మెదడులో కరెంటు ఎలా నడుస్తోందో చూసే పరీక్ష) రాస్తే తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లాలి. స్కాన్ ఎక్కడ తీయించినా రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ఫిల్ములు, సీడీ కూడా అడిగి తీసుకోండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను వృత్తి జబ్బుగా చేర్చారు. రేపు నాన్నగారికి అదే అని తేలితే పరిహారం అడగడానికి పాత ఎక్స్‌రేలు, పీఎఫ్‌టీ కాగితాలు, పని చేసిన చోటి ఆధారాలు అన్నీ కావాలి.

ఈ లోపు ఛాతీ బరువుతో పాటు చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి చేయండి. పీఎఫ్‌టీ రిపోర్టు వచ్చాక ఆ అంకెలు ఇక్కడ రాయండి, మా నాయన కాగితాలు పక్కన పెట్టుకుని నాకు తెలిసినంత చెబుతాను.