పని మీద పడ్డప్పుడు చూపు ఎటు పోతోంది?

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

విమానం నడపడం నేర్చుకుంటూ, అప్రోచ్‌లో (దిగడానికి రన్‌వే వైపు వచ్చేటప్పుడు) ఎత్తు చూసుకునేలోపు స్పీడ్ జారిపోతోందని రాశావు. నీ చేతుల్లో లోపం లేదు. సరిచేసుకోవాల్సింది చూపుని.

మన కంటికి బాగా స్పష్టంగా కనిపించే మేర సుమారు 2 డిగ్రీలే. అందుకే ఒక్కో డయల్ మీదకీ చూపును తీసుకెళ్లక తప్పదు. 1940ల చివర్లో అమెరికాలో మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ బృందం విమానం నడుపుతున్న పైలట్ల కళ్లను ఫిల్మ్ తీసి పరిశీలించింది. ఎక్కువసార్లు చూసేది ముఖ్యమైన పరికరమనీ, ఎక్కువసేపు చూడాల్సి వచ్చేది చదవడానికి కష్టమైనదనీ వాళ్లు అర్థం చేసుకున్నారు. విమానం ఎటు వంగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మధ్యలో, ఎయిర్‌స్పీడ్ ఎడమన, ఎత్తు చూపే ఆల్టీమీటర్ కుడిన, విమానం ఏ దిశలో ఉందో చూపే హెడింగ్ కింద ఉండే అమరిక వెనక ఇలాంటి పరిశీలనలే ఉన్నాయి. కాబట్టి మధ్య నుంచి బయలుదేరు, ఒకదాన్ని చూడు, మళ్లీ మధ్యకే రా.

పని ఒత్తిడి పెరిగితే ఈ తిరుగుడే ముందు దెబ్బతింటుంది. రెప్ప వేయడం తగ్గుతుంది, చూపు ఒకేచోట అతుక్కుపోతుంది. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం సిబ్బంది ముందు చక్రం తాలూకు వెలగని బల్బు గొడవలో పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలి 101 మంది పోయారు. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు.

చేతినిండా పని ఉంటే పనిని తగ్గించు, స్కాన్‌ని (డయల్స్ మీద చూపు తిప్పడాన్ని) కాదు. కింద నుంచి రేడియోలో మాట్లాడే కంట్రోలర్‌కి ‘స్టాండ్ బై’ (కాస్త ఆగు) అని చెప్పడం నామోషీ కాదు. రేడియో ఫ్రీక్వెన్సీలు పెట్టుకోవడం, బ్రీఫింగ్ (ఎలా దిగాలో ముందుగా చెప్పుకోవడం) అన్నీ కిందకి దిగడం మొదలుపెట్టకముందే ముగించు. డయల్ వైపు చూసేముందు అక్కడ ఎంత ఉండాలో మనసులో అనుకో. తేడా ఉంటే వెంటనే తెలుస్తుంది. క్రూజ్‌లో (పైన ఒకే ఎత్తులో సాగిపోయేటప్పుడు) పనిలేనప్పుడు ఇది మరీ అవసరం. అప్పుడు కళ్లు డయల్ మీదే ఉంటాయి, బుర్ర మాత్రం ఏమీ చదవదు. నన్నడిగితే ఖాళీగా ఉన్న పైలట్‌నే ఎక్కువ అనుమానించాలి.

బయట చూసేటప్పుడు చూపును ఏకధాటిగా తిప్పకు. కన్ను కదిలేటప్పుడు సరిగా చూడలేదు. 10 డిగ్రీల చొప్పున ఆగుతూ, ఒక్కోచోట కనీసం ఒక సెకను నిలుపు.

ఈసారి సిమ్యులేటర్‌లో అప్రోచ్ మధ్యలో రేడియో కాల్స్ గుప్పించమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగు. ముందుగా ఏ డయల్‌ని చూడ్డం మానేశావో నాకు రాయి.

మీ పెదనాన్న