టీచర్ బయటికెళ్లగానే క్లాసు గోల చేస్తుంటే

టీచర్ ట్రైనింగ్ ఇంటర్న్‌షిప్‌లో మీరు పాఠం చెప్పే క్లాసులో, అసలు టీచర్ గదిలో ఉన్నంతసేపు బుద్ధిగా ఉండే పిల్లలు ఆవిడ వెళ్లగానే గోల చేస్తున్నారని, ప్రశ్న అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పట్లేదని రాశారు. టెన్షన్ పడకండి, ఇంటర్న్‌షిప్‌లో చాలామందికి ఎదురయ్యేదే ఇది.

గొంతు పెంచకండి. ముందు పేర్లు నేర్చుకోండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో కాగితం మీద గీసి లెసన్ ప్లాన్ పక్కనే పెట్టుకోండి. "వెనక బెంచీ, సైలెన్స్!" అని అరవడం కన్నా, దగ్గరికెళ్లి పేరు పెట్టి మెల్లగా పిలిస్తే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగాక కాస్త ఆగండి, నా దృష్టిలో అసలు కిటుకు ఇదే. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు. 3 సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరిగింది, ఎక్కువమంది మాట్లాడారు. అందుకని మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవండి.

రూల్స్ మాత్రం ఆ టీచర్‌వే కొనసాగించండి, ఆవిడతో ముందే మాట్లాడుకుని.