తాబేలు గుడ్లను తరలించడం మేలేనా?

ప్రశ్న: చెన్నైలో చదువుతున్న మా అబ్బాయి రాత్రుళ్లు సముద్రతీరంలో తాబేలు గుడ్లను సేకరించే విద్యార్థుల బృందంతో తిరుగుతున్నాడు. గుడ్లను ఉన్నచోటనే వదిలేయడం మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మనుషుల అలజడి లేని తీరమైతే మీరన్నదే సరి. కానీ 1988లో మొదలైన విద్యార్థుల సముద్ర తాబేళ్ల పరిరక్షణ బృందం పనిచేసే నీలాంకరై–బీసెంట్ నగర్ తీరంలో కుక్కలు గూళ్లను తవ్వేస్తాయి. పైగా, రాత్రి వేళ గుడ్డు నుంచి బయటికి వచ్చే పిల్లలు వెలుతురు ఉన్న వైపుకు నడుస్తాయి కనుక, వీధి దీపాలను చూసి సముద్రానికి బదులు రోడ్డు మీదికి వెళ్లి చనిపోతాయి. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ దాకా కార్యకర్తలు ఆలివ్ రిడ్లే తాబేళ్ల జాడలను వెతుకుతూ నడిచి, ఒక్కో గూటిలో సుమారు వంద దాకా ఉండే గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో అదే లోతున పాతిపెడతారు. తల్లి తాబేలు గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోపే వాటిని, అటూ ఇటూ దొర్లించకుండా తరలించాలి; ఆలస్యమైతే లోపలి పిండం దెబ్బతింటుంది. ఇసుక వేడి పిల్లల లింగాన్ని నిర్ణయిస్తుంది, వేడెక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి కాబట్టి నీడ విషయంలోనూ జాగ్రత్త అవసరం.

సుమారు 45 రోజుల తర్వాత పిల్లలను సముద్రంలోకి వదిలేటప్పుడు చూడటానికి వచ్చే పిల్లాపెద్దలకు ఇవన్నీ వివరిస్తారు. నా దృష్టిలో గుడ్లను కాపాడటంతో సమానమైన పని ఇది. అయితే ఊపిరి కోసం పైకి రావలసిన పెద్ద తాబేళ్లు ట్రాలర్ల (వలను ఈడ్చుకుంటూ చేపలు పట్టే మర పడవల) వలల్లో చిక్కి మునిగి చనిపోవడాన్ని ఈ కేంద్రాలు ఆపలేవు. దానికి వలలోంచి తాబేలు తప్పించుకునే పరికరాన్ని మన ఆంధ్ర తీరంలోనూ ప్రతి ట్రాలర్‌కూ అమర్చాలి.