లగం రాసి గలం అనుకున్న యువకవికి

చిరంజీవికి,

నీ కవిత అందింది. పైన ‘తెలుగులో తొలి ట్రోకీ కవిత’ అని రాసుకున్నావు. ట్రోకీ అంటే బరువైన అక్షరం ముందు, తేలికైనది వెనక నడిచే పాశ్చాత్య ఛందోగణం. ఆ ‘తొలి’ చూడగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. కోపం చల్లారాక మళ్లీ చదివాను.

మొదటి పాదం: ‘నదీ జలం కదా మనం’. ప్రతి మాటలో మొదటి అక్షరం నొక్కి పలికితే ట్రోకీ అయిపోతుందని నీ లెక్క. ఆ లెక్క ఇంగ్లీషుది, వాళ్లకు ఊనిక ముఖ్యం. మన చెవి అక్షరం ఎంతసేపు నిలిచిందో కొలుస్తుంది. న లఘువు, దీ గురువు; జ లఘువు, లం గురువు. లఘువు వెనక గురువు వస్తే లగం; వరసగా నాలుగు లగాలు! ట్రోకీకి సరిగ్గా తలకిందులు. తెలియకుండానే ప్రమాణి వృత్తంలో పడ్డావు, పంచచామరంలో సగం అది. ట్రోకీకి పేరు పెట్టిన గ్రీకులు కూడా మనలాగే గురులఘువులు కొలిచినవాళ్లే.

ట్రోకీ అంటే మన గలం, గురువు వెనక లఘువు; దాన్నే హగణం అంటాం. పరాయిది కాదు, నాయనా. సూర్యగణాలు రెండు: న (మూడు లఘువులు), హ. ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. వీటిలో ఒక్కటైనా లగంతో మొదలవుతుందేమో వెతుకు. దొరకదు. ద్విపద, ఆటవెలది, తేటగీతి అన్నీ ఈ గణాల మీదే నడిచాయి. ఇక ఉత్సాహం అంటే ఏడు సూర్యగణాలు, చివర ఒక గురువు. ఏడూ హగణాలే వేస్తే 15 అక్షరాలు. 1845లో ఎడ్గార్ ఎలన్ పో అచ్చువేసిన బొంతకాకి కవితలో రెండో పాదానిదీ ఆ కొలతే, కాకపోతే ఊనికల్లో.

నీ వయసులో నేను అలా 40 ఉత్సాహాలు రాశాను. మచ్చుకు ఒక్క నగణం లేదు, అదో ప్రతాపం. ఒక సంపాదకుడు ‘ఛందస్సుకు కాలం చెల్లింది’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు. ఆ నెల సంచికలో ఒక పేరాను విరిచి నిలువుగా పేర్చి కవిత అని వేశాడు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. అసలు లోపం చెప్పింది మా పిన్ని. కుట్టుమిషను తొక్కుతూ విన్నది, కాసేపటికి కాలు తీసి, ‘నాది ఆగింది, నీది ఆగదేమిరా?’ అంది.

అప్పటినుంచి గలాల మధ్య నగణం వేయడం నేర్చుకున్నాను. మాత్రలు మూడే, బరువు మాత్రం విడిపోతుంది. నీ పాదమే చూడు: ‘ఏరు గాక ఏమి మనము’. మూడు గలాలు, ఆపైన మూడు లఘువులు. ‘మనము’ దగ్గర నీళ్లు పల్చబడి పారుతున్నాయి. ‘గాక ఏమి’లో విసంధి ఉందని, అంటే సంధి చేయకుండా వదిలేశావని, ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

చివర్లో ఎక్కడో ‘దాటి వచ్చినాక ఒడ్డు లేదు’ అన్నావు. అది రాసేటప్పుడు లెక్కపెట్టలేదు కదూ? ఐదూ హగణాలే. ఆటవెలది రెండో పాదం కొలత, యతి ఒక్కటే లేదు. ఆ పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు.

పుస్తకం వేయమంటారా అని అడిగావు. ముందు దాని పక్కన మరో మూడు పాదాలు కట్టి పంపు. పైన ఆ ‘తొలి’ కొట్టేసి.