ఉర్సో వాడినా దురద తగ్గలేదని మాత్ర ఆపేయాలా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, బరువు 62 కిలోలు. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఎనిమిది నెలలుగా అరచేతులు, అరికాళ్లు ఒకటే నవ, రాత్రిళ్లు నిద్ర లేదు. తిరుపతిలో చూపిస్తే ఏఎల్‌పీ (పైత్యం ఆగితే రక్తంలో పెరిగే ఎంజైమ్) 410, ల్యాబ్ పరిమితి 120, ఏఎంఏ (ఈ జబ్బును పట్టించే యాంటీబాడీ) పాజిటివ్, బిలిరుబిన్ 0.8, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) 8.4. పీబీసీ, అంటే లివర్‌లోని పైత్యనాళాలు దెబ్బతినే జబ్బు అన్నారు. ఉర్సో (ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్) 300 ఎంజీ మాత్రలు రోజుకు రెండు వేసుకుంటున్నా. మూడు నెలలైనా నవ పోలేదు. తాగుడు అలవాటే లేని నాకు లివర్ ఎందుకు గట్టిపడింది? మాత్రలు మాని పసరు తాగమంటున్నారు.

జవాబు: మాత్ర ఆపకండమ్మా. ఉర్సో ఇచ్చేది దురద కోసం కాదు, లివర్ ఇంకా గట్టిపడకుండా. అది పనిచేస్తోందా లేదా అన్నది ఏఎల్‌పీ చూసి చెప్పాలి. మీ విషయంలో నాకు కనిపిస్తున్న లోపం డోసులో ఉంది. పీబీసీకి కిలో బరువుకు రోజుకు 13–15 ఎంజీ కావాలి. మీ బరువుకు 806 నుంచి 930. మీరు 600 దగ్గరే ఉన్నారు. విరేచనాలు పట్టుకోకుండా తక్కువతో మొదలుపెట్టి ఉంటారు. మీ డాక్టరును అడిగి, తిన్నాక ఒకటి చొప్పున రోజుకు మూడు చేసుకోండి.

ఇక తాగుడు సంగతి. మీ లివర్ గట్టిపడింది తాగుడు వల్ల కాదు, పైత్యం నిలవడం వల్ల. లివర్ కణాలు తయారుచేసే పైత్య ఆమ్లాలు పేగులో కొవ్వును అరిగించి, చిన్నపేగు చివర 95 శాతం దాకా మళ్లీ రక్తంలోకి ఎక్కి లివర్‌కే చేరతాయి. ఒంట్లో ఉన్న కొద్ది గ్రాములే రోజుకు చాలాసార్లు ఇలా తిరుగుతాయి. పేగులో వాటిని పట్టుకునే ప్రొటీన్ ఏఎస్‌బీటీ, రక్తం నుంచి లివర్ కణంలోకి లాగేది ఎన్‌టీసీపీ (హెపటైటిస్-బి వైరస్ దూరేదీ ఈ దారినే), కణం నుంచి పైత్యనాళంలోకి తోసేది బీఎస్‌ఈపీ. పీబీసీలో మన రోగనిరోధక శక్తే లివర్ లోపలి సన్నటి నాళాలను దెబ్బతీస్తుంది. ముందు దారి మూసుకుపోయాక బీఎస్‌ఈపీ ఎంత తోసినా పైత్యం వెనక్కే నిలుస్తుంది. సబ్బులా కొవ్వును కరిగించే ఆ ఆమ్లాలు లివర్ కణాల పొరలనూ వదలవు. వాపు వస్తుంది, పక్కనే విటమిన్-ఎ దాచుకుని ఊరకుండే స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ పీచు పోయడం మొదలుపెడతాయి. ఫైబ్రోసిస్ అంటే అదే. ఉర్సో కూడా పైత్య ఆమ్లమే, కాకపోతే సాధువు. ఘాటైన ఆమ్లాల వాటా తగ్గించి, బీఎస్‌ఈపీ చేత ఎక్కువ తోయిస్తుంది.

దురదకు వేరే మందుంది. కొలెస్టిరమిన్ పొడి, 4 గ్రాముల ప్యాకెట్, నీళ్లలో కలిపి టిఫిన్‌కు ముందు. దానికీ ఉర్సోకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి మింగితే పొడి ఉర్సోనే పట్టుకుని మలంలో పోగొడుతుంది. ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే. థైరాయిడ్ మాత్రకూ ఈ జాగ్రత్త తప్పదు. సెట్రిజిన్‌తో మత్తు వస్తుందేమో గానీ ఈ దురద పోదు. పొడితో లొంగకపోతే రిఫాంపిసిన్ ఇస్తారు, లివర్ పరీక్షలు చూసుకుంటూ.

పసరు వద్దు. మీకు కామెర్లే లేవు, బిలిరుబిన్ మామూలుగా ఉంది. ఏ ఆకు నూరారో తెలియని మందుతో లివర్ ఇంకా దెబ్బతింటే ఏది దేనివల్లో మాకూ అంతుపట్టదు.

డోసు పెంచిన మూడు నెలలకు ఏఎల్‌పీ చేయించండి. ఏడాదికి 180 లోపుకు రావాలి, రాకపోతే ఫైబ్రేట్ (రక్తంలో కొవ్వు తగ్గించే మందు) లాంటిది జోడిస్తారు. ఫైబ్రోస్కాన్‌కు మూడు గంటల ముందు నుంచీ ఏమీ తినకండి, తింటే అంకె ఎక్కువ చూపిస్తుంది. అది 9.6 దాటితే మరింత గట్టిగా పట్టించుకోవాలి. విటమిన్-డి, థైరాయిడ్, ఎముకల సాంద్రత పరీక్షలు ఒకసారి చాలు ఇప్పటికి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.