ఒకే శాంపిల్‌కి మూడు నంబర్లు, ఏది రాయాలి?

ప్రశ్న: నేను ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నానండి. సీరమ్‌లో సాల్యుబుల్ సీడీ25ని, అదే సెల్ నుంచి ఊడి రక్తంలో తిరిగే ఐఎల్-2 రిసెప్టర్ ఆల్ఫాని, శాండ్‌విచ్ ఎలైజాతో (ప్రోటీన్‌ని రెండు యాంటీబాడీల మధ్య పట్టుకుని రంగుతో కొలిచే పరీక్ష) కొలుస్తున్నా. ఒక శాంపిల్‌ని 2 రెట్లు డైల్యూట్ చేసి లెక్కకడితే మిల్లీలీటరుకి 1800 పికోగ్రాములు, 10 రెట్లకి 3100, 20 రెట్లకి 3160 వస్తోంది. సగటు తీసేయనా? పైగా ఫ్లో సైటోమెట్రీలో (ఒక్కో సెల్ మీద ఏ ప్రోటీన్ ఉందో లేజర్‌తో చూసే పద్ధతి) అదే మనిషి టీ సెల్స్ మీద సీడీ25 పెద్దగా లేదు. కిట్ పాడైందంటారా?

జవాబు: సగటు మాత్రం తీయకండి. 10 దగ్గరా 20 దగ్గరా వచ్చినవి దాదాపు కలిశాయి కదా, నమ్మాల్సింది అక్కడే, 2 రెట్లది పక్కన పెట్టేయండి. సీరమ్ చిక్కగా ఉన్నప్పుడు అందులోని మిగతా ప్రోటీన్లు యాంటీబాడీకి అడ్డం పడి సిగ్నల్‌ని తగ్గించేస్తాయి, పలచన చేసేకొద్దీ ఆ అడ్డు పోతుంది. శాంపిల్, డిటెక్షన్ యాంటీబాడీ రెండూ ఒకేసారి పోసే కిట్ అయితే హుక్ ఎఫెక్ట్ కూడా చూసుకోవాలి, రిసెప్టర్ మరీ ఎక్కువుంటే రెండు యాంటీబాడీలూ వేర్వేరు అణువుల్ని పట్టుకుని శాండ్‌విచ్ కట్టకుండా మిగిలిపోతాయి, రీడింగ్ తక్కువొచ్చి మనల్ని మోసం చేస్తుంది.

అడ్డు సీరమ్‌దేనా అని తేల్చుకోడానికి స్పైక్ పెట్టండి, అంటే స్టాండర్డ్‌ని (ఎంత ఉందో ముందే తెలిసిన సీడీ25) శాంపిల్‌లో కలిపి, అందులో ఎంత తిరిగి కనిపిస్తుందో చూడటం, అదే రికవరీ. డైల్యూట్ చేసిన శాంపిల్‌లో 500 పికోగ్రాముల స్టాండర్డ్ కలిపారనుకోండి, విలువ 290 మాత్రమే పెరిగితే రికవరీ 58 శాతం, అంటే అక్కడ అడ్డు ఉన్నట్టే. మామూలుగా 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే ఒప్పుకుంటారు. ఇది 2 రెట్ల దగ్గరా 10 రెట్ల దగ్గరా రెండు చోట్లా చేసి చూడండి, ఒక్క ప్లేట్ ఖర్చు, కానీ ఆ తర్వాత వచ్చే డేటా అంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి దయచేసి వదిలేయకండి. అన్నిటికంటే గాఢమైన స్టాండర్డ్‌ని దాటిన ఓడీకి (రంగు రీడింగ్‌కి) సాఫ్ట్‌వేర్ ఏదో ఒక నంబర్ ఇస్తే అది రాయొద్దు, ఇంకా డైల్యూట్ చేసి మళ్ళీ పెట్టాలి.

మిగతావి మీకు తెలిసే ఉంటాయి, సీరమ్, ప్లాస్మా కలిపి పోల్చకండి, పదే పదే ఫ్రీజ్ చేసి కరిగించకండి, బఫర్‌లో సోడియం అజైడ్ ఉంటే హెచ్‌ఆర్‌పీ (రంగు తెప్పించే ఎంజైమ్) పని చెయ్యదు.

ఇక ఫ్లో సంగతి. అందులో కనిపించేది సెల్ మీద ఇంకా అతుక్కుని ఉన్న రిసెప్టర్, ఎలైజాలో కొలిచేది ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లు) కత్తిరించాక సెల్ నుంచి ఊడి బయటపడ్డ ముక్క. యాక్టివేట్ అయిన టీ సెల్స్ దాన్ని వదులుతాయని 1985లోనే చూపించారు. అది లింఫ్ నోడ్ నుంచో, స్ప్లీన్ నుంచో కూడా రక్తంలోకి రావొచ్చు, మీ ట్యూబ్‌లో పడ్డవేమో ఆ సమయానికి రక్తంలో తిరుగుతున్న సెల్స్ మాత్రమే. పైగా రెగ్యులేటరీ టీ సెల్స్ (ఇమ్యూన్ స్పందనని అదుపులో ఉంచేవి) మీద సీడీ25 ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, అంటే సెల్ మీద కనిపించే సీడీ25 అంతా యాక్టివేషన్ లెక్కా కాదు. అందుకే రెండూ కలవకపోతే కిట్ తప్పనుకోవక్కర్లేదు.

ఇంకొకటి, హెచ్‌ఎల్‌హెచ్ (ఇమ్యూన్ సిస్టమ్ అదుపు తప్పే ప్రమాదకరమైన జబ్బు) నిర్ధారణకి వాడే హెచ్‌ఎల్‌హెచ్-2004 ప్రమాణాల్లో సాల్యుబుల్ సీడీ25కి ఉన్న 2400 అనేది మిల్లీలీటరుకి యూనిట్లు, పికోగ్రాములు కాదు. మీ 3100ని తీసుకెళ్ళి దాని పక్కన పెట్టి "ఎక్కువుంది" అనకండి. కిట్‌ని బట్టి యూనిట్ మారుతుంది కాబట్టి థీసిస్ టేబుల్‌లో ప్రతి విలువకీ యూనిట్, కిట్ పేరు, ఏ డైల్యూషన్ నుంచి తీసుకున్నారో రాసిపెట్టండి.