పారేసిన కార్డులకు ఇప్పుడు లక్షలట, బాధపడాలా?

చిన్నప్పటి బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలుండే చిన్న అట్టముక్కలు) పారేశానని, ఇప్పుడు వాటి ధర చూస్తే కడుపు మండుతోందని రాశారు. మీలాగే దాదాపు అందరూ పారేశారు కాబట్టే వాటికి ఆ ధర. 1952లో టాప్స్ అనే కార్డుల కంపెనీ వేసిన, మిక్కీ మ్యాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022 వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అప్పట్లో అమ్ముడుపోని పెట్టెలను ఆ కంపెనీయే సముద్రంలో పడేయించింది! 1980ల చివర్లో జనం తెలివిగా దాచడం మొదలుపెట్టారు, కంపెనీలు కుప్పలుగా అచ్చేశాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు అడిగే నాథుడే లేడు.

ఇంకో సంగతి, పెద్ద రేటు వచ్చేది కొత్తదానిలా ఉన్న కార్డుకే. మూల కాస్త అరిగినా ధర ఢమాల్. రబ్బరు బ్యాండు వేసి జేబులో తిప్పిన కార్డుకి (పిల్లలు ఇంకేం చేస్తారు!) అంత వచ్చేది కాదు.